నిద్ర ఆటలో చప్పుడు లేని ముక్క

సినిమా హాల్లో నిద్రపోయేవాళ్లను చూసి నవ్వకండి. చాలా ఏళ్లు నా జీతం వాళ్లే ఇచ్చారు.

నేను సినిమా ఆపరేటర్‌ని. హాలు వెనక, పైన, చిన్న కిటికీల కేబిన్‌లో నిలబడి మిషన్ తిప్పేవాణ్ణి. సంగారెడ్డిలో పని నేర్చుకుని, పటాన్‌చెరు దగ్గర బొంబాయి రోడ్డు పక్కనున్న ఒక టాకీసులో చేరి, అది మూతపడేదాకా అక్కడే ఉన్నాను. ఇప్పుడక్కడ టైల్సు అమ్ముతున్నారు. ఒకసారి వెళ్లి చూసొచ్చాను. మా తెర ఉన్నచోట బాత్రూము టైల్సు వరసగా నిలబెట్టారు. పోనీలెండి, అవీ తళతళలాడుతూనే ఉన్నాయి.

మొన్న మా చెల్లెలి మనవరాలు కాలేజీ స్నేహితుల్ని వెంటేసుకుని ఇంటికొచ్చింది. వాళ్లకేదో ఫిల్మ్ క్లబ్బుందట. "తాతా, నువ్వు గిన్ని సినిమాలు చూసినవ్ గదా, ఈ మెల్లగ నడిచే ఆర్ట్ సినిమాలు బోరా, మంచియా? నువ్వే చెప్పు," అని కూర్చుంది. సగం మంది బోరన్నారు. మిగతా సగం మంది ఆ సగాన్ని బుద్ధిలేనివాళ్లన్నారు. అవి మహా గొప్పవని వాదించిన అబ్బాయే వాటిని ఫోన్లో రెండింతల వేగంతో చూస్తాడని మాటల మధ్యలో బయటపడింది. నాకు ఒళ్లు మండింది. చెప్పాల్సింది ఉంది, కానీ అది చాయ్ చల్లారేలోపు చెప్పే సంగతి కాదు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. ఓపికుంటే చదవండి. దీన్ని రెండింతల వేగంతో చదవడం మాత్రం కుదరదు.

ఒక సినిమాలో చప్పుడే లేని ముక్క ఒకటి ఉండేది. దాన్ని కత్తిరించి పారేయాలా, ఉంచాలా అని మా టాకీసులో పెద్ద గొడవ నడిచింది. ఆ గొడవలో ఒక మనిషి ప్రాణం ఇరుక్కుని ఉందని మాకెవరికీ తెలియదు.

ఎనభైల చివరి రోజులు. రోడ్డుకు రెండువైపులా ఫ్యాక్టరీలే. మందులవి, రంగులవి, ఇనుము కరిగించేవి. గాలి ఎటు తిరిగితే అటో వాసన. ఒకరోజు కుళ్లిన వెల్లుల్లి, ఒకరోజు గోళ్ల రంగు. రాత్రి డ్యూటీ దిగిన మనిషికి పొద్దున ఒళ్లు వాల్చడానికి చోటుండేది కాదు. కిరాయి గదులన్నీ రేకులవి. ఎండెక్కితే ఆ రేకు మీద రొట్టె కాల్చుకోవచ్చు. పక్కగదిలో స్టవ్వు, వాకిట్లో నల్లా దగ్గర కొట్లాట. అందుకని వాళ్లు మా దగ్గరికొచ్చేవాళ్లు. బెంచీ టికెట్టు తీసుకుని, తువ్వాల చుట్టి తల కింద పెట్టుకుని, పొద్దటి ఆటలో పడుకునేవాళ్లు. చీకటి, పంకాలు, లేపేవాడు లేడు. దానికి వాళ్లే పేరు పెట్టారు, నిద్ర ఆట అని.

మా మేనేజరు వ్యాపారం తెలిసిన మనిషి. సంగారెడ్డి బజారులో పుట్టి పెరిగినవాడు. మొదట్లో పొద్దటి ఆటకు కూడా ఫైటింగుల సినిమాలే వేశాడు. పడుకునేవాళ్లు నేరుగా ఆయన గదికే వెళ్లారు. "పొద్దుగాల పొద్దుగాల గా గుద్దులాటలేంది సాబ్? పైసలిచ్చి వస్తున్నం, జెర కన్ను మూతపడనియ్యరా?" అని నిలదీశారు. అప్పట్నుంచి ఆయన హైదరాబాదు వెళ్లి, బహుమతులొచ్చి ఎవరికీ పట్టకుండా పడి ఉన్న సినిమాల బాక్సులు తేవడం మొదలుపెట్టాడు. కిరాయి తక్కువ, అరుపుల్లేవు, పాటల్లేవు. "అవార్డు బొమ్మ అయితే ఇంకా మంచిది వయా. ఒక్కడు గూడ లేవడు," అని మురిసిపోయేవాడు. అట్లా ఆ చుట్టుపక్కల అందరికంటే ఎక్కువ ఆర్టు సినిమాలు ఆడిన టాకీసు మాది. వాటిని అందరికంటే తక్కువ చూసిన పబ్లిక్కూ మాదే.

కేబిన్ కిటికీలోంచి కిందికి చూస్తే ఆ హాలు ఎట్లా ఉండేదో చెప్పాలి. బెంచీల నిండా మనుషులు వెల్లకిలా పడి ఉండేవాళ్లు. తెర మీద పగలైతే వాళ్ల మొహాలు తెల్లబడేవి, రాత్రయితే మాయమయ్యేవి. వాళ్ల బట్టల్లోంచి ఫ్యాక్టరీ వాసన పైకి తేలి నా కిటికీదాకా వచ్చేది. తెర మీద ఎవరో ఏడుస్తుంటారు, మాట్లాడుతుంటారు. చూసేవాడు ఒక్కడుండడు. ఎంత అలవాటైనా ఒక్కోసారి నా చేతుల మీద వెంట్రుకలు లేచేవి. నేను ఎవరికి చూపిస్తున్నానురా ఇదంతా అనిపించేది.

ఆ నిద్ర ఆట బ్యాచిలో ఇద్దరి సంగతి మీకు తెలియాలి. ఒకాయన ఊరు ముత్తంగి. మందుల కంపెనీలో రియాక్టర్ ఆపరేటరు. ఇనుప పాత్రలో మందు ఉడుకుతుంటే లోపల కలిపే మోటారును, వేడి చూపించే ముల్లును కనిపెట్టుకుని కూర్చోవడం ఆయన పని. ఇంకొకాయనది ఇస్మాయిల్‌ఖాన్‌పేట. అదే కంపెనీలో కాంట్రాక్టు కింద డ్రమ్ములు కడిగేవాడు. పెళ్లయి ఒక కూతురు. నిద్రలో మొనగాడు. పక్క తలుపు దగ్గర, గోడవార బెంచీ ఆయనది. దాని మీద ఇంకెవరైనా పడుకుంటే చంటిపిల్లాణ్ణి ఎత్తినట్టు ఎత్తి పక్క బెంచీ మీద పెట్టేవాడు. వాళ్లిద్దరూ ఒకే బస్సు దిగి వచ్చేవాళ్లు, ఆట అయ్యాక ఒకే చాయ్ బండి దగ్గర నిలబడేవాళ్లు, పొద్దస్తమానం ఒకరినొకరు ఆటపట్టించుకునేవాళ్లు.

ఒక ఎండాకాలం ఆ బాక్సు వచ్చింది. తెలుపు నలుపు సినిమా, మనకు రాని భాష. ఏటి ఒడ్డున పడవ నడిపే మనిషికి జబ్బు చేస్తుంది. అంతే కథ. మొదటినుంచీ ఏటి హోరు, గాలి, పడవ తాడు కిర్రుమనడం వినబడుతూనే ఉంటాయి. మూడో రీలు చివర ఆ మనిషి గదిలో మంచం మీద గొంతుదాకా దుప్పటి కప్పుకుని పడుకుంటాడు. అక్కడ ఉన్నట్టుండి చప్పుడంతా ఆగిపోతుంది. గది, మంచం, ఓరగా తెరిచిన తలుపు. తలుపులోంచి పడిన ఎండ గోడ మీద మెల్లగా పైకి పాకుతుంది. పాలు కాగేంతసేపు అదే బొమ్మ. మనిషి చచ్చిపోయాడో నిద్రపోతున్నాడో సినిమా చెప్పదు. ఆ తర్వాత ఏటి హోరు మళ్లీ మొదలవుతుంది, ఖాళీ పడవ కనబడుతుంది.

మొదటి రోజు ఆ ముక్క రాగానే, రీలు మీది చప్పుడును చదివే సౌండు లైటు పోయిందనుకుని మిషన్ మీదికి వంగాను. లైటు వెలుగుతూనే ఉంది. కిటికీలోంచి కిందికి చూసి బిక్కచచ్చిపోయాను. హాల్లో ప్రతి మనిషీ లేచి కూర్చుని ఉన్నాడు. ఒక్కడు కూడా మాట్లాడటం లేదు. మొహాలు తెరకేసి పెట్టి, మెడలు నిక్కించి, ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు అందరూ ఒక్కసారే లేచారు. మిషన్ టకటక తప్ప ప్రపంచంలో వేరే చప్పుడు లేదు. ఎన్నో సినిమాలు వేశాను. నిద్రపోయే హాలు మొత్తం నిశ్శబ్దానికి లేవడం అంతకు ముందు ఎప్పుడూ చూడలేదు.

గేటు దగ్గర టికెట్లు చింపే చాచా మాకందరికీ పెద్ద. రెండో రోజు కూడా అట్లాగే జరిగేసరికి ఆయన మెట్లెక్కి కేబిన్‌లోకి వచ్చాడు. మొహంలో నెత్తురు లేదు.

"తౌబా తౌబా. ఈ పిక్చర్ల ఏదో ఉన్నది బేటా. పండుకున్నోళ్లను లేపుతున్నది. నేనైతే గా ముక్క నడిచేటప్పుడు లోపలికి పోను. ఏమనుకున్నా సరే," అన్నాడు. అన్నట్టే ఆ ముక్క మొదలవగానే బయట బీడీ కాలుస్తూ నిలబడేవాడు.

దీని గుట్టు ముత్తంగి ఆయన చెప్పాడు, చాయ్ బండి దగ్గర.

"దయ్యం గియ్యం ఏం లేదు చాచా. మా పనే అసువంటిది. మోటరు గుర్రుమని తిరుగుతుంటే ఎంత నిద్రన్న వస్తది. సప్పుడు ఆగిందంటే మాత్రం పానం దిగ్గున లేస్తది. మోటరు ఆగితే లోపల వేడెక్కుతది, మూత లేస్తది. లేవనోడు బతకడు. గంతే. మేం గిట్లనే అలవాటైనం."

"నాకేం మోటరున్నది? డ్రమ్ములు కడుగుతా. నేనెందుకు లేస్తున్న మరి?" అన్నాడు ఇస్మాయిల్‌ఖాన్‌పేట ఆయన.

"నీ పక్కపొంటి గంతమంది దిగ్గున లేస్తే నువ్వు లేవవా?"

"లేసి ఏం సూడాలె? గోడ. గోడ సూసుటానికి టికెట్టెందుకే, మా ఇంట్ల నాలుగు గోడలున్నయి. పరమ బోరు సినిమా."

"గోడ సూడకు. మంచం మీద మనిషిని సూడు. దుప్పటి కదులుతున్నదా లేదా సూడు. నేను రోజూ గదే సూస్తున్న."

"కదులుతున్నదా?"

"కదుల్తలేదు. ఆయన పోయిండు."

"పోలే. పండుకున్నడు. నాలెక్క పండుకున్నడు," అని ఇస్మాయిల్‌ఖాన్‌పేట ఆయన పకపకా నవ్వాడు. "నైట్ డ్యూటీ చేసినోడు గట్లనే పంటడు. నీకేమెర్క."

ఈ వాదన అంటువ్యాధిలా పాకింది. పడవాయన పోయాడా, పడుకున్నాడా? కొందరు పోయాడన్నారు, కొందరు లేదన్నారు. ఒకాయన దుప్పటి కదిలిందని తల్లి మీద ఒట్టేశాడు. నాకూ పిచ్చి పట్టింది. రోజూ ఆ ముక్క రాగానే కిటికీకి మొహం ఆనించి ఆ దుప్పటినే చూసేవాణ్ణి. చూడగా చూడగా ఒక వింత జరుగుతుంది. మనం ఊపిరి బిగపట్టి చూస్తాం కదా, మన రొమ్ము కదిలితే దుప్పటే కదిలినట్టు ఉంటుంది. కింద అంతమంది, పైన నేను, ఒక కదలని మనిషి కోసం ఊపిరి బిగపట్టుకుని కూర్చునేవాళ్లం. భయంగా ఉండేది. భయంగా ఉన్నా మర్నాడు ఆ ముక్క ఎప్పుడొస్తుందా అని కాచుకుని ఉండేవాణ్ణి.

మేనేజరుకు ఇది నచ్చలేదు. కొందరు ఆయన దగ్గర గొణిగారు, మధ్యలో మెలకువొచ్చి మళ్లీ నిద్ర పట్టట్లేదని. ఆయన కేబిన్‌కి వచ్చాడు.

"ఏందివయా ఇది. పండుకుందామని వస్తే మనమే లేపుతున్నం. రేపటిసంది వీళ్లంతా ఎటన్నవోతే బెంచీల మీద నువ్వూ నేనూ పండాలె. గా సప్పుడు లేని ముక్క కోసెయ్."

కోయడం మాకు కొత్తేం కాదు. చిన్న టాకీసుల్లో అందరూ చేసే పనే. సాగే చోట కత్తెర పెట్టి, అంచులు గీకి, పేస్టు పూసి అతికిస్తే ఎవరికీ తెలియదు. బాక్సు వెనక్కి పంపేటప్పుడు ముక్క మళ్లీ అతికించి పంపుతాం, గుర్తుంటే. అయినా ఆ రోజు నా చెయ్యి రాలేదు. రేపు చేస్తాలెండి సాబ్ అన్నాను. ఈ మాట కింద ఎట్లా తెలిసిందో తెలిసింది. సాయంత్రం ముత్తంగి ఆయన డ్యూటీకి వెళ్తూ టాకీసు ముందు ఆగాడు. నన్ను కిందికి పిలిపించాడు.

"అన్నా, గా ముక్క తియ్యకు," అన్నాడు.

"నాదేముంది తమ్మీ. మేనేజర్ సాబ్ హుకుం."

"నేను నీకొకటి చెప్పనా. రాత్రంత గా ముల్లును సూస్తనా, ఏం కాదు. ఏం కావద్దనే సూస్తా. ఏమన్న అయిందంటే సచ్చినట్టే. ఏం కానిదాన్ని సూసుడే నా పని. నా బతుకుల ఏం కాదు అంటరు మా ఇంట్లోళ్లు, నిజమే. గీ సినిమా తీసినోడు ఎవడో గాని, గదే సూపించిండు. నాకు మంచిగనిపిస్తున్నది. తియ్యకన్నా."

పెద్ద చదువులు చదివినవాళ్లు ఆ సినిమా గురించి ఏం రాశారో నాకు తెలియదు. నాకు మాత్రం ఆయన మాటే చాలు. మేనేజరు దగ్గరికి వెళ్లి, ఒక్కసారి మీరే హాల్లో కూర్చుని చూడండి సాబ్, చూసి చెప్పండి, అన్నాను. ఆయన విసుక్కున్నాడు. చివరికి, సరే, రేప్పొద్దున చూస్తా, ఆట కాగానే మాత్రం కోసుడే, అన్నాడు. పొద్దున కేబిన్‌లో రీలు చుట్టే బల్ల మీద కత్తెర, పేస్టు సీసా సిద్ధంగా పెట్టుకున్నాను.

ఆ పొద్దున గాలిలో ఘాటు ఎక్కువగా ఉంది. గొంతులో ఏదో గీకినట్టుండేది. అది కొత్త కాదు గనక ఎవరం పట్టించుకోలేదు. బస్సు దిగి అందరూ వచ్చారు. ఇస్మాయిల్‌ఖాన్‌పేట ఆయన టికెట్టు చింపించుకుంటూ రెండుమూడుసార్లు దగ్గాడని చాచా తర్వాత చెప్పాడు. "ఏమయింది బేటా," అంటే, "రాత్రి ఒక డ్రమ్ముల ఏదో మిగిలున్నది చాచా, నీళ్లు పొయ్యంగనే పొగ లేసింది. ఇప్పుడు మంచిగనే ఉన్నది. పండుకుంటే పోతది," అన్నాడట. వెళ్లి తన బెంచీ మీద పడుకున్నాడు. మేనేజరు వెనక వరసలో, చేతులు కట్టుకుని, పెళ్లికి పిలవని బంధువులా కూర్చున్నాడు.

మొదటి రీలు, రెండో రీలు. ఏటి హోరు. హాలంతా నిద్ర. మూడో రీలు చివరికి వచ్చింది. పడవాయన మంచమెక్కాడు. చప్పుడు ఆగింది.

ఎప్పట్లాగే అందరూ లేచి కూర్చున్నారు. నేను కిటికీకి మొహం ఆనించాను. గోడ మీద ఎండ కదలడం మొదలైంది.

అప్పుడు హాల్లో ఊపిరి వినబడింది.

మామూలు ఊపిరి కాదు. తడి ఊపిరి. హుక్కాలో నీళ్లు గుడగుడలాడినట్టు. లోపలికి ఒకటి, చాలాసేపు ఏమీ లేదు, బయటికి ఒకటి. తెర మీద మంచం, మంచం మీద మనిషి, హాలు నిండా ఆ ఊపిరి. కింద ఎవరో సంబరంగా అరిచాడు: "అరె, బతికే ఉన్నడురో! ఊపిరి తీస్తుండు!" నాలుగైదు గొంతులు అందుకున్నాయి: "నేను చెప్పలేదా, పండుకున్నడని!" ఎవరో చప్పట్లు కొట్టారు. మేనేజరు కూడా ముందుకు వంగాడు. మా అందరి కళ్లూ ఆ దుప్పటి మీదే ఉన్నాయి. దేవుడి మీద ఒట్టు, నాకు అది కదిలినట్టే కనబడింది.

నా కేబిన్‌లో చిన్న స్పీకరు ఒకటుంటుంది, హాల్లో వచ్చే సౌండే అందులోనూ వస్తుంది. దానికి చెవి ఆనించాను. ఏమీ లేదు. సౌండు బిరడా పట్టుకుని సున్నా దాకా తిప్పేశాను. కింద ఊపిరి ఆగలేదు.

సరిగ్గా అప్పుడే ముత్తంగి ఆయన బెంచీ మీంచి లేచి నిలబడ్డాడు. ఆయన నీడ తెర మీద మంచానికి అడ్డంగా పడింది.

"ఆగుండ్రి! రోజూ సూస్తున్న, ఇక్కడ సప్పుడు లేదు! ఇది బొమ్మల సప్పుడు గాదు! ఎవడు లేవలేదో సూడుండ్రి!"

హాలు అంతా తలలు తిప్పింది. నేను లైట్లు వేశాను. లేచి కూర్చున్న అంతమంది మధ్య, గోడవార, పక్క తలుపు దగ్గర ఒక్క మనిషి వెల్లకిలా పడి ఉన్నాడు. పెదవులు నేరేడు పండు రంగులో ఉన్నాయట, దగ్గరికెళ్లినవాళ్లు చెప్పారు. మూతి చివర గులాబి రంగు నురగ. తువ్వాల గొంతుదాకా కప్పుకుని ఉన్నాడు, అచ్చం పడవాయనలాగే.

తర్వాత ఏం జరిగిందో నేను పైనుంచి చూశాను. ముత్తంగి ఆయన, "ఒరే లెవ్వురా, లెవ్వు, బోరు సినిమా అయిపోయిందిరా," అని ఏడుస్తూ చెంపల మీద కొట్టడం. నలుగురు బెంచీతో సహా ఎత్తడం. మేనేజరు అందరికంటే ముందు పరిగెత్తి పక్క తలుపు తన్ని తెరవడం. బయట మా పబ్లిసిటీ జీపు ఉంది, రెండువైపులా పోస్టర్లు, పైన మైకు. దాంట్లోనే ఎక్కించారు. రోడ్డు మీద లారీల వరస. మేనేజరు మైకు అందుకుని, రోజూ 'నేడే చూడండి' అని అరిచే గొంతుతో, "జరగుండ్రి! పానం వోతున్నది, జరగుండ్రి!" అని దవాఖాన దాకా అరుస్తూనే వెళ్లాడట. పక్కన పెద్దపెద్ద కళ్లేసుకుని హీరో పోస్టరు. దారిలో జనం కొత్త సినిమా వచ్చిందనుకున్నారట.

హాలు ఖాళీ అయింది. తెరిచిన పక్క తలుపులోంచి ఎండ లోపలికొచ్చి మా హాలు గోడ మీద పడింది. తెర మీద కూడా అదే, గోడ, ఎండ. చూసే మనిషి లేడు. చాచా కింద నిలబడి, "బంద్ చెయ్యి బేటా, బంద్ చెయ్యి," అని కేకలేస్తున్నాడు. నేను ఆపలేదు. ఆ మంచం మీద మనిషిని సగంలో వదిలేస్తే ఇక్కడి మనిషికి ఏమన్నా అవుతుందేమోనని పిచ్చి భయం. ముక్క అయిపోయి, ఖాళీ పడవ వచ్చాకే మిషన్ ఆపాను. సౌండు సున్నాలో ఉంది గనక ఆ రోజు ఏటి హోరు కూడా రాలేదు.

డాక్టరు చెప్పింది ఇది: పీల్చిన గ్యాసు వెంటనే ఏమీ చేయదు, మనిషి బాగానే నడుస్తాడు, మాట్లాడతాడు, తర్వాత నిద్రలో ఊపిరితిత్తుల్లోకి నీళ్లు ఊరతాయి. ఆ ముక్క కోసేసి ఉంటే ఏటి హోరులో ఆ గుడగుడ ఎవరికీ వినబడేది కాదు. ఆట అయిపోయి ఊడ్చేవాళ్లు లేపబోయేసరికి లేపడానికేమీ ఉండేది కాదు. పటాన్‌చెరు నుంచి సిటీ దవాఖానకు పంపారు. ఆయన భార్య కూతుర్ని చంకనేసుకుని వచ్చి, మా మేనేజరును చూసి డాక్టరనుకుని కాళ్ల మీద పడిందట. కాంట్రాక్టరు మాత్రం ఆ రాత్రి అతను డ్యూటీకే రాలేదన్నాడు. ముత్తంగి ఆయన, ఇంకొందరు వెళ్లి కంపెనీ గేటు ముందు కూర్చుంటే ఖర్చులు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. ఆ కంపెనీ ఇప్పుడు లేదు. నా కోపం ఉంది.

మర్నాడు మేనేజరు కేబిన్‌కి వచ్చాడు. బల్ల మీది కత్తెర తీసుకుని కిందికి వెళ్లిపోయాడు. దాన్ని తర్వాత టికెట్ల బుకింగు గదిలో సుతిలి తాడు కోయడానికి వాడారు.

ఆ బాక్సు కోసం హైదరాబాదు నుంచి ఎవరూ రాలేదు. దాన్ని అడిగే టాకీసు ఇంకోటి ఉంటే కదా. వేరే సినిమాలు వచ్చాయి, పోయాయి. నిద్ర ఆటకు మనుషులు వస్తూనే ఉన్నారు, ఆ గోడవార బెంచీ మీద మాత్రం ఎవరూ పడుకునేవాళ్లు కాదు. రద్దీగా ఉన్న రోజు కూడా అది ఖాళీగానే ఉండేది. ఒకరోజు చాచా మెట్లు ఆయాసపడుతూ ఎక్కి వచ్చి, "వచ్చిండు," అన్నాడు. ఎవరని అడగలేదు. మేనేజరు అప్పటికే కింద నుంచి అరుస్తున్నాడు: "ఏం వయా, గా పడవ బొమ్మ ఉన్నదా ఇంక? గదే ఎయ్!"

మనిషి సగమయ్యాడు. చొక్కా హ్యాంగరుకు తగిలించినట్టు వేలాడుతోంది. నవ్వు మాత్రం అదే. దవాఖానలో గోడలు చూసి చూసి వచ్చా, ఇక్కడ కూడా గోడే చూపిస్తారా అని బెంచీల మధ్య అందరినీ నవ్విస్తూ వెళ్లి తన చోట పడుకున్నాడు. మందుల మత్తేమో, మొదటి రీలు సగంలోనే నిద్రపోయాడు.

మూడో రీలు చివరికి వచ్చింది. చప్పుడు ఆగింది. అందరూ లేచి కూర్చున్నారు.

ఆయన లేవలేదు.

తెర మీద గది, మంచం, గోడ. దాన్ని చూసినవాడు ఒక్కడు లేడు. హాలు మొత్తం, ముందు వరసవాళ్లు కూడా మెడలు వెనక్కి తిప్పి, ఆ గోడవార బెంచీనే చూస్తున్నారు. పైనుంచి నాకు అన్నీ పక్కకు తిరిగిన మొహాలే. ఎవరూ ఆయన్ని తట్టలేదు. ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. చాచా కూడా ఆ రోజు బీడీ కోసం బయటికి వెళ్లలేదు, తలుపు పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. తెర వెలుతురులో పడుకున్నాయన రొమ్ము మీది తువ్వాల తెల్లగా కనబడుతోంది. నేను ఊపిరి తీయడం మానేశాను.

తువ్వాల మెల్లగా లేచింది. మెల్లగా దిగింది.

మళ్లీ లేచింది.

పాలు కాగేంతసేపూ మేమందరం దాన్నే చూశాం. ఏటి హోరు మొదలయ్యాక ముత్తంగి ఆయన లేచి వెళ్లి, జారిన తువ్వాలను గొంతుదాకా లాగి, తిరిగొచ్చి పడుకున్నాడు.

ఆట అయ్యాక చాయ్ బండి దగ్గరికి ఇస్మాయిల్‌ఖాన్‌పేట ఆయన కళ్లు నులుముకుంటూ వచ్చాడు. "మల్ల నిద్రవోయిన్నే. ఆ గోడ వచ్చిందో రాలేదో గూడ ఎర్కలే. ఎన్నిసార్లేసినా గంతే, బోరు సినిమా."

ముత్తంగి ఆయన చాయ్ గ్లాసు ఆయన చేతిలో పెట్టాడు.

"మాకైతే బోరు కొట్టలేదురా," అన్నాడు.